పిడుగుకాలంలో ఇంటి ఇంటర్నెట్: ఏది కొనాలి, ఏది బాగు చేయించాలి, ఏది పక్కన పెట్టాలి

ఏప్రిల్ సగం దాటిన తర్వాత వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు పగలంతా మండిన ఎండ సాయంత్రానికి గాలిదుమారంగా మారడం, కొనుగోలు కేంద్రాల్లో ఆరబోసిన వడ్ల మీద రైతులు పరదాలు కప్పే లోపే ఉరుములు మొదలవడం ఏటా చూస్తున్నదే. మర్నాడు పొద్దున కంప్యూటర్ రిపేరు దుకాణాల ముందు రౌటర్లు, సెటప్ బాక్సులు, సీసీ కెమెరాల డీవీఆర్‌లు పట్టుకొని జనం నిలబడడమూ అంతే మామూలు. వారిలో చాలామంది దుకాణదారుని అడిగే మొదటి మాట "మంచి స్పైక్ గార్డ్ ఏదున్నది?" అని. ఆ ప్రశ్న అడగవలసిందే, కానీ అంతకంటే ముందు ఇంట్లోనే కూర్చొని తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: మన రౌటర్‌లోకి లోహపు తీగలు ఎన్ని వస్తున్నాయి, అవి ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయి? కరెంటు తీగ ఒక్కటే వస్తుంటే ఒక పద్ధతి సరిపోతుంది. డాబా మీది కెమెరా నుంచో పక్క ఇంటి నుంచో లాన్ కేబుల్ కూడా వస్తుంటే ఎంత ఖరీదైన స్పైక్ గార్డ్ కొన్నా సగం తలుపు తెరిచే ఉంటుంది. కాలిన పరికరాలను విప్పి చూసే అలవాటు ఉన్నవారికి తెలుసు, ఇంటి నెట్‌వర్క్‌ను దెబ్బ తీసే దారుల్లో డేటా తీగ కరెంటు తీగకు ఏమాత్రం తీసిపోదు. కింద చెప్పిన ఎంపికలన్నిటికీ ఈ లెక్కే ఆధారం.

దెబ్బ ఎటు నుంచి వస్తుంది

పిడుగు సూటిగా ఇంటి మీదే పడితే బజారులో దొరికే ఏ పరికరమూ దాన్ని ఆపలేదు, ఎందుకంటే మెరుపు తొలి దెబ్బలోనే సాధారణంగా 30 వేల ఆంపియర్ల స్థాయిలో ప్రవాహం ఉంటుంది. అయితే అది అరుదు. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, పక్క వీధిలోని తాటిచెట్టు మీదో సెల్ టవర్ మీదో కరెంటు లైను మీదో పిడుగు పడుతుంది, ఆ క్షణంలో పుట్టిన విద్యుదయస్కాంత క్షేత్రం చుట్టుపక్కల ఉన్న పొడవాటి తీగలన్నిటిలోనూ వందల, వేల ఓల్టులను ప్రేరేపిస్తుంది. తీగ ఎంత పొడవుగా ఉంటే, ఎంత ఆరుబయట ఉంటే ముప్పు అంత ఎక్కువ.

హనుమకొండలో ఎక్కడైనా కనిపించే రెండంతస్తుల ఇంటిని తీసుకుందాం. హాల్లో ఫైబర్ వచ్చే పెట్టె ఉంటుంది. దాని నుంచి పై అంతస్తుకు గోడ బయటి నుంచి లాన్ కేబుల్ ఎక్కుతుంది. గేటు దిమ్మె మీది కెమెరాకు ఇంకో కేబుల్ ప్రహరీ వెంట పోతుంది. డాబా మీద డిష్ ఉంటుంది. దాని తీగ సెటప్ బాక్సుకు, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ తీగ టీవీకి, టీవీ వెనక నుంచి మరో లాన్ తీగ రౌటర్‌కు చేరతాయి. ఆ ఇంటివారి దృష్టిలో డిష్‌కూ ఇంటర్నెట్‌కూ సంబంధమే లేదు. విద్యుత్తు దృష్టిలో మాత్రం డాబా మీది ఇనుప గిన్నె నుంచి చదువుకునే పిల్లవాడి కంప్యూటర్ దాకా ఒకే లోహపు దారి.

ప్రతి లాన్ పోర్టు వెనక, తీగకూ చిప్పుకూ మధ్య అడ్డుగా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఈథర్‌నెట్ ప్రమాణం ప్రకారం అది 1500 ఓల్టుల ఏసీని ఒక నిమిషం పాటు తట్టుకోవాలి. ఇల్లు దాటని చిన్న తీగల్లో పుట్టే చిల్లర దెబ్బలకు ఆ అడ్డు చాలు, డాబా మీదుగా యాభై మీటర్లు పరిచిన తీగకు చాలదు. అలా పోయిన రౌటర్ మూత తీస్తే పెద్దగా మసి కూడా కనిపించదు. పోర్టుల వెనక ఉన్న నల్లటి దిమ్మె పక్కన సూది మొన అంత గుంత, లేదా చిప్పు నడి భాగంలో చిన్న బొబ్బ కనిపిస్తాయి. కొన్నిసార్లు అదీ ఉండదు. పవర్ లైటు, వైఫై లైటు ఎప్పటిలాగే వెలుగుతుంటాయి, తీగ పెట్టిన పోర్టు లైటు మాత్రం వెలగదు.

ఫైబర్ విషయంలో ఈ బాధ చాలావరకు లేదు, ఎందుకంటే గాజు విద్యుత్తును మోయదు. అయితే స్తంభం నుంచి వేలాడే ఫైబర్ కేబుల్‌లో బరువు మోయడానికి ఉక్కు తీగ పెడతారు. ఆ ఉక్కు తీగను బయటి గోడకు బిగించిన చోటే కత్తిరించి, గాజు పోగు ఉన్న సన్నటి భాగాన్ని మాత్రమే లోపలికి తీసుకోవాలి. కనెక్షన్ ఇచ్చేవారు తొందరలో మొత్తం కేబుల్‌ను అలాగే రౌటర్ దాకా లాగితే, పక్కనే నిలబడి అడ్డు చెప్పండి. ఇక కొన్ని కాలనీల్లో స్థానిక ఆపరేటర్లు వీధి చివరి పెట్టె దాకా ఫైబర్ తెచ్చి, అక్కడి నుంచి ఇళ్లకు రాగి లాన్ కేబుల్ లాగుతారు. మీది అలాంటి కనెక్షన్ అయితే ఇంటి దాకా ఫైబర్ వేయమని అడగడమే మిగిలిన అన్ని ఏర్పాట్ల కంటే ముందు చేయవలసిన పని.

పిడుగు దెబ్బా, న్యూట్రల్ తెగిందా?

గాలిదుమారం తర్వాత పరికరాలు పోతే అందరూ పిడుగునే తిడతారు. చాలాసార్లు అసలు దోషి వేరు. కొమ్మ పడి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం దగ్గరో న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగితే, ఇళ్లకు రావలసిన 230 ఓల్టులు లోడును బట్టి అటూ ఇటూ అయి, కొన్ని ఇళ్లకు 350 ఓల్టులు దాటి కూడా వస్తాయి, కొన్ని ఇళ్లలో దీపాలు మినుకుమంటాయి. ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోకుండా రక్షణ పరికరం కొంటే డబ్బు దండగే.

పోల్చి చూడడానికి గుర్తులు ఉన్నాయి. ట్యూబులైట్లు, బల్బులు ఒక్కసారిగా మిరుమిట్లు గొలిపేలా వెలిగి, ఫ్యాన్లు ఉన్న వేగానికి మించి తిరిగి, ఆ తర్వాత అడాప్టర్లు, టీవీ, ఫ్రిజ్ వరసగా పోయి, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీది నాలుగైదు ఇళ్లలోనూ అదే గోల ఉంటే అది న్యూట్రల్ పోవడమే. అప్పుడు రౌటర్ విషయంలో సాధారణంగా అడాప్టరే మాడుతుంది. అడాప్టర్ మారిస్తే రౌటర్ బతికే అవకాశం ఎక్కువ. పిడుగు ప్రేరణ అయితే ఒక్క ఉరుముతో పాటే జరుగుతుంది, దీపాలకు ఏమీ కాదు, లాన్ పోర్టులు, హెచ్‌డీఎంఐ పోర్టులు, కెమెరా ఇన్‌పుట్‌లు పోతాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, సర్జ్ ప్రొటెక్టర్ అనేది సెకనులో లక్షల వంతు కాలం ఉండే దెబ్బ కోసం తయారైనది. నిమిషాల పాటు 350 ఓల్టులు వస్తే అది కాపాడకపోగా తానే వేడెక్కి కాలిపోతుంది. న్యూట్రల్ బెడదకు మందు ఓవర్-అండర్ ఓల్టేజ్ ప్రొటెక్టర్. మీటరు తర్వాత బోర్డులో పెట్టే ఈ పరికరం ఓల్టేజీ పెట్టిన హద్దు దాటగానే ఇంటి మొత్తానికీ కరెంటు ఆపి, సరైన తర్వాత కొద్దిసేపు ఆగి మళ్లీ ఇస్తుంది. గ్రామాల్లోనూ, గాలికి లైన్లు తరచూ తెగే శివారు కాలనీల్లోనూ ఉండేవారు సర్జ్ ప్రొటెక్టర్ కంటే ముందు దీన్ని పెట్టించుకోవాలన్నది నా సలహా. ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉన్నాయి కదా అని ధీమా పడవద్దు. మొదటిది ఎక్కువ కరెంటును, రెండోది భూమిలోకి లీకయ్యే కరెంటును పట్టుకుంటాయి, ఓల్టేజీ పెరగడాన్ని ఈ రెండూ పట్టించుకోవు.

ఊడదీయడం: ఖర్చు లేదు, కానీ షరతులున్నాయి

రక్షణ పద్ధతులన్నిటిలోనూ గట్టిది తీగలను ఊడదీయడమే. దీన్ని చాలామంది సగమే చేస్తారు. గోడ మీది స్విచ్ ఆపితే సరిపోదు, ఎందుకంటే స్విచ్ ఒక్క ఫేజ్ తీగనే తెంపుతుంది, న్యూట్రలూ ఎర్తూ అలాగే కలిసి ఉంటాయి, పైగా స్విచ్ లోపలి ఖాళీ మిల్లీమీటర్లలోనే ఉంటుంది కాబట్టి వేల ఓల్టుల దెబ్బ దాన్ని దూకగలదు. ప్లగ్గు బయటికి లాగాలి. దానితో పాటు బయటి నుంచి వచ్చే లాన్ కేబుల్, డిష్ తీగ కూడా పీకి, పోర్టుకు ఒక జానెడు దూరంలో పెట్టాలి. ఫైబర్ తీగను ముట్టుకోనవసరం లేదు. తరచూ పీకితే దుమ్ము పడి అదే కొత్త సమస్య అవుతుంది.

ఇదంతా ఉరుములు దూరంగా ఉన్నప్పుడే చేయాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం అని లెక్క. ఆ వ్యవధి ముప్పై సెకన్ల లోపుకు వచ్చిందంటే ప్రమాదం పరిధిలోకి వచ్చినట్టే, అప్పుడు తీగలు పట్టుకోవడం, డాబా ఎక్కి కేబుల్ లాగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడం. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట ఆగి మళ్లీ పెట్టుకోవచ్చు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన 'దామిని' యాప్ మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. ముందుగా మేల్కోవడానికి అది పనికొస్తుంది.

కాకతీయ విశ్వవిద్యాలయం, ఎన్ఐటీ చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండే విద్యార్థులకు ఈ ఒక్క అలవాటు చాలు, వేరే ఖర్చు అక్కర్లేదు. అయితే ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, అందరూ నిద్రపోయే అర్ధరాత్రి ఇది పనిచేయదు. కెమెరాలు ఎప్పుడూ నడవాలనుకునేవారికీ, రాత్రి పూట విదేశీ కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసేవారికీ కూడా ఇది కుదరదు. వారి కోసమే మిగతా ఎంపికలు.

కరెంటు వైపు: స్పైక్ గార్డ్, బోర్డులో ఎస్‌పీడీ, యూపీఎస్

బజారులో స్పైక్ గార్డ్ అన్న పేరుతో అమ్మేవాటిలో చాలా వాటి లోపల ఒక స్విచ్, ఒక ఫ్యూజు, ఇత్తడి పట్టీలు తప్ప ఏమీ ఉండవు. అది వట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు. అసలైన దానిలో ఎంఓవీ అనే నాణెం లాంటి బిళ్ల ఉంటుంది. మామూలు ఓల్టేజీ దగ్గర అది కరెంటును పోనివ్వదు, ఓల్టేజీ హద్దు దాటగానే తన గుండా పోనిచ్చి మిగతాదాన్ని ఏడు వందల ఓల్టుల చుట్టుపక్కల ఆపుతుంది. అడాప్టర్లు ఆ మాత్రం క్షణకాలపు దెబ్బను సాధారణంగా ఓర్చుకుంటాయి. కొనేటప్పుడు పెట్టె మీద ఎన్ని జౌళ్లు (ఎంత శక్తిని మింగగలదో చెప్పే లెక్క) అని రాసి ఉందో, రక్షణ ఇంకా పనిచేస్తున్నదో లేదో చూపే ప్రత్యేక దీపం ఉందో చూడాలి. ఈ రెండూ లేనిది ఏ ధరకైనా వద్దు. ప్రతి దెబ్బకూ ఎంఓవీ కొంత అరుగుతుంది, ఒకనాడు చల్లగా చచ్చిపోతుంది, అయినా సాకెట్లలో కరెంటు వస్తూనే ఉంటుంది. దీపం లేకపోతే ఆ సంగతి తెలిసే దారి లేదు.

మీటరు బోర్డు దగ్గర పెట్టే ఎస్‌పీడీ, అంటే ఇంటి మొత్తానికీ పనిచేసే సర్జ్ ప్రొటెక్టర్, వేరే స్థాయి. ఇళ్లకు సాధారణంగా, తీగల్లో ప్రేరణ వల్ల పుట్టే దెబ్బల కోసం తయారైన టైప్ 2 రకం సరిపోతుంది; ఇంటి మీద పిడుగు వాహకం ఉన్నవారికీ, పొలాల మధ్య ఒంటరిగా ఉన్న ఇంటికి పొడవాటి కరెంటు లైను వచ్చేవారికీ సూటి పిడుగు ప్రవాహం కోసం తయారైన టైప్ 1, టైప్ 2 కలిసి ఉన్నది మేలు. మన దగ్గర రాత్రిపూట లోడు తగ్గి ఓల్టేజీ 250 దాటే ఊళ్లు లేకపోలేదు కనుక 275 ఓల్టుల రేటింగు కంటే 320 ఓల్టులది ఎంచుకోవడం క్షేమం, లేకపోతే ఎస్‌పీడీ వృథాగా అరిగిపోతుంది. బిగించే పద్ధతి దాని ధర కంటే ముఖ్యం. ఎస్‌పీడీకి వెళ్లే తీగా, దాని నుంచి ఎర్త్ పట్టీకి వెళ్లే తీగా కలిపి అర మీటరు దాటకూడదు, ఎందుకంటే పిడుగు వేగానికి ఒక మీటరు తీగ మీదే వెయ్యి ఓల్టుల దాకా నిలబడుతుంది. అందంగా కనిపించాలని ఎలక్ట్రీషియన్ తీగను గుండ్రంగా చుట్టి కట్టాడంటే పెట్టిన డబ్బులో సగం ఆ చుట్టలోనే పోయినట్టు. దాని ముందు తగిన ఎంసీబీ లేదా ఫ్యూజు కూడా ఉండాలి.

ఈ రెండింటికీ ప్రాణం ఎర్తింగ్. దెబ్బను పక్కకు మళ్లించాలంటే మళ్లించే చోటు ఉండాలి కదా. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉంటుంది, మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. తీగ ఉన్నా, వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. హనుమకొండ, కాజీపేట గుట్టల చుట్టూ రాతి నేలలో గొట్టం లోతుకు దిగదు, దిగినా తడి ఉండదు. పిడుగుల కాలం సరిగ్గా ఆ ఎండిన రోజుల్లోనే వస్తుంది. నల్లరేగడి నేలల్లో ఈ బాధ కొంత తక్కువ. ఉప్పు, బొగ్గు వేసిన పాత పద్ధతి గుంత చవకే గానీ ఉప్పు ఇనుప గొట్టాన్ని తినేస్తుంది, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. బెంటొనైట్ లాంటి తేమను పట్టి ఉంచే పొడి నింపిన ఎర్తింగ్‌కు మొదట ఖర్చెక్కువ, రాతి నేలలో మాత్రం దానికే నా ఓటు. గుంత బాగుందో లేదో మల్టీమీటరుతో తేల్చలేం. బలహీనమైన ఎర్త్ కూడా దాని మీద 230 చూపిస్తుంది. ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి, ఐదు ఓమ్‌ల లోపు వచ్చేలా చూసుకోవాలి. ఎర్త్ లేదని న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపే సొంత వైద్యం మాత్రం ఎవరు చెప్పినా వినవద్దు. న్యూట్రల్ తెగిన రోజు ఫ్రిజ్ తలుపు షాకు కొడుతుంది.

యూపీఎస్ గురించి అపోహలు ఎక్కువ. ఇన్వర్టర్ ఉంది కాబట్టి రౌటర్ భద్రం అనుకుంటారు, కానీ కరెంటు ఉన్నంతసేపు మామూలు ఇన్వర్టర్ బయటి కరెంటునే ఒక రిలే ద్వారా సూటిగా లోపలికి పంపుతుంది, దెబ్బ కూడా అదే దారిన వస్తుంది. రౌటర్‌కు పెట్టే చిన్న 12 ఓల్టుల మినీ యూపీఎస్ కరెంటు పోయినప్పుడు గంటల తరబడి నెట్ నడవడానికి ఎంతో ఉపయోగం, దాన్ని రక్షణ పరికరంగా లెక్క వేయకూడదు. దానిలో ఒక లాభం ఉంది: ఉరుములు మొదలవగానే దాని ప్లగ్గు పీకేసి, బ్యాటరీ మీద పని కొనసాగించవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవారికి ఇంత చవకగా దొరికే వెసులుబాటు ఇంకొకటి లేదు. బయటి కరెంటును ఎప్పుడూ డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా చేసి ఇచ్చే ఆన్‌లైన్ యూపీఎస్ కొంత నయమే అయినా ఇంటి రౌటర్ ఒక్కదాని కోసం అది మోయలేని ఖర్చు.

డేటా వైపు: ఇక్కడే అసలు ఎంపిక

రెండు గదుల మధ్య, ఒకే కప్పు కింద, ఒకే ఎర్త్ మీద నడిచే పది పదిహేను మీటర్ల లాన్ కేబుల్‌కు ప్రత్యేక రక్షణ అవసరం లేదు. గోడ బయటికి వెళ్లే, డాబా మీద నడిచే, మరో భవనానికి పోయే తీగ విషయంలో మూడు దారులు ఉన్నాయి.

మొదటిది లాన్ సర్జ్ ప్రొటెక్టర్. తీగ ఇంట్లోకి వచ్చే చోట, రెండో కొస దగ్గర కూడా ఒక్కొక్కటి పెట్టి, ప్రతిదాన్నీ పొట్టి తీగతో ఎర్త్‌కు కలపాలి. ఎర్త్ తీగ కట్టకుండా వదిలేసిన ప్రొటెక్టర్ అలంకారమే. కెమెరాకు కరెంటు కూడా అదే తీగలో వెళుతుంటే, అంటే పీఓఈ అయితే, దానికి తగిన రకమే కొనాలి. తీగతో నడిచే కెమెరాలకు ఇదే దారి. దానితో పాటు కెమెరాల లాన్ తీగలన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెను వేరుగా పెట్టడం మంచిది, సంగతి కింద చెబుతాను.

రెండోది ఫైబర్. ఇంటి నుంచి వెనక కొట్టానికో, ఎదురుగా ఉన్న అన్న ఇంటికో, మిల్లు ఆఫీసుకో నెట్ ఇవ్వాలంటే రాగి తీగ తీసేసి, ఉక్కు లేని ఫైబర్ వేసి, రెండు కొసల్లో మీడియా కన్వర్టర్ (లాన్ సంకేతాన్ని కాంతిగా, కాంతిని మళ్లీ లాన్ సంకేతంగా మార్చే పెట్టె) పెడితే రెండు భవనాల మధ్య లోహపు బంధం పూర్తిగా తెగిపోతుంది. ఒక జత కన్వర్టర్ల ఖర్చు ఒక మంచి రౌటర్ ధరకు అటూ ఇటూగా ఉంటుంది. ఒకటి రెండు సార్లు స్విచ్ మార్చిన ఖర్చుతో అది వచ్చేస్తుంది. కొనేటప్పుడు రెండూ ఒకే జతకు చెందినవై ఉండాలి, ఎందుకంటే ఒకే పోగు మీద నడిచేవాటిలో ఒక కొస 1310 నానోమీటర్ల కాంతిని పంపితే రెండో కొస 1550 పంపుతుంది. రెండూ ఒకే రకమైతే లైటు వెలగదు. ఫైబర్ అతకడానికి మీ ప్రాంతపు కేబుల్ ఆపరేటర్ మనిషినే పిలిస్తే పది నిమిషాల పని.

పైన చెప్పిన స్విచ్ సంగతికీ ఇదే చిట్కా పనిచేస్తుంది. కెమెరాలన్నీ ఒక స్విచ్‌కు, ఆ స్విచ్ నుంచి రౌటర్‌కు ఒక మీటరు ఫైబర్ ముక్క ద్వారా కన్వర్టర్ జత. గేటు కెమెరా మీదుగా వచ్చిన దెబ్బ ఆ స్విచ్‌ను కాల్చి అక్కడే ఆగుతుంది, మిగతా ఇంటి జోలికి డేటా తీగ ద్వారా రాదు. రెండు కన్వర్టర్ల ప్లగ్గులు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి, దానికి మంచి ఎస్‌పీడీ లేకపోతే ఈ లాభంలో కొంత పోతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

మూడోది తీగే లేకుండా చేయడం. పై అంతస్తుకు లాన్ కేబుల్ బదులు వైఫై మెష్ (కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే పెట్టెలు) పెట్టి, రెండు పెట్టెలూ గాలిలోనే మాట్లాడుకునేలా చేయవచ్చు. టీవీకి కూడా లాన్ తీగ పీకేసి వైఫై ఇస్తే డిష్ నుంచి రౌటర్‌కు వచ్చే దొంగదారి మూసుకుపోతుంది. వేగం కొంత తగ్గుతుంది, దట్టమైన రాతి గోడల పాత ఇళ్లలో ఇంకా తగ్గుతుంది. పాఠాలు వినడానికీ, సినిమాలు చూడడానికీ ఆ మాత్రం చాలు. ఇంటి మట్టుకు నా వరస ఇది: మొదట మెష్, కుదరకపోతే ఫైబర్, రెండూ కుదరని చోట మాత్రమే సర్జ్ ప్రొటెక్టర్.

ఇంటి మీద ఇనుప కడ్డీ పెట్టి భూమిలోకి పట్టీ దించడం కట్టడాన్నీ మనుషులనూ కాపాడటానికి. అది ఎలక్ట్రానిక్ పరికరాలను కాపాడదు. ఆ పట్టీ పక్క నుంచే లాన్ కేబుల్ పోతుంటే దెబ్బ ఇంకా పెరుగుతుంది కనుక కేబుల్‌ను దూరంగా మార్చాలి.

దెబ్బ తగిలిన తర్వాత: బాగు చేయించాలా, కొత్తది కొనాలా

ముందు నిజంగా కాలిందో లేదో తేల్చుకోవాలి. ఫైబర్ పెట్టె మీద లాస్ అనే ఎర్ర లైటు మెరుస్తూ, పవర్, వైఫై లైట్లు మామూలుగా ఉంటే చాలావరకు పరికరానికి ఏమీ కానట్టే. కొమ్మ పడో మరో కారణంతోనో బయట ఫైబర్ తెగి ఉంటుంది. ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఊరుకోండి, కొత్త రౌటర్ కొనకండి. ఏ లైటూ లేకపోతే అడాప్టర్‌ను మొదట అనుమానించాలి. దాని మీద రాసిన డీసీ ఓల్టేజీ మల్టీమీటరులో రాకపోతే అదే పోయింది. కొత్తదానికి ఓల్టేజీ అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి, పిన్ను సైజు, ప్లస్ మైనస్ గుర్తు సరిపోవాలి. 12 ఓల్టుల అడాప్టర్ రెండు మూడు వందలలో దొరుకుతుంది కనుక దాన్ని విప్పి బాగు చేయించడం దండగ, పైగా ప్రమాదం: లోపలి కెపాసిటర్‌లో ప్లగ్గు పీకిన తర్వాత కూడా 325 ఓల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. దెబ్బ తిన్న పాత అడాప్టర్ "పనిచేస్తున్నట్టే ఉంది" అనిపించినా, ఓల్టేజీ కొలవకుండా కొత్త రౌటర్‌కు పెట్టవద్దు.

పవర్ ఉండి ఒక్క లాన్ పోర్టు పోతే రౌటర్ వాడుకోవచ్చు, కానీ నమ్మి కీలకమైన చోట పెట్టకూడదు. ఒకే దెబ్బలో పక్క పోర్టు కూడా సగం దెబ్బతిని ఉండవచ్చు. గిగాబిట్ రావలసిన చోట వంద మెగాబిట్లకు పడిపోవడం, మధ్యమధ్య తెగడం దాని గుర్తులు. బయటి కనెక్షన్ తీసుకునే వ్యాన్ పోర్టు పోయిన రౌటర్‌ను పారేయనక్కర్లేదు. దాని సెట్టింగుల్లో డీహెచ్‌సీపీని (పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే పనిని) ఆపేసి, లాన్ పోర్టులోనే తీగ పెట్టి పై అంతస్తులో వైఫై పెట్టెగా వాడవచ్చు. రౌటర్ బోర్డు చిప్పు మార్పించడం మాత్రం లాభసాటి కాదు, పని కూలీయే కొత్త రౌటర్ ధరలో సగం అవుతుంది, మిగిలిన భాగాలకు హామీ ఉండదు.

డెస్క్‌టాప్ లాన్ పోర్టు ఒక్కటే పోతే మదర్‌బోర్డు మార్చాలని చెప్పే దుకాణాన్ని వదిలి పక్క దుకాణానికి వెళ్లండి. లోపల బిగించే పీసీఐఈ లాన్ కార్డు గానీ యూఎస్‌బీ లాన్ అడాప్టర్ గానీ పెడితే సరిపోతుంది. ల్యాప్‌టాప్ బోర్డు, ఎక్కువ కెమెరాల ఎన్‌వీఆర్ (కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) అయితే బోర్డు రిపేరు ఆలోచించదగినదే, ఎందుకంటే కొత్తవి ఖరీదు. ఎన్‌వీఆర్ చచ్చినా లోపలి హార్డ్‌డిస్క్ చాలాసార్లు బతికే ఉంటుంది. కెమెరాల రికార్డింగు కావాలంటే రిపేరుకు ఇచ్చే ముందే దాన్ని తీయించుకోవాలి. చిన్న స్విచ్‌లో రెండు పోర్టులు పోతే మొత్తం స్విచ్‌నే మార్చండి.

ఫైబర్ పెట్టె సాధారణంగా ఆపరేటర్ సొత్తు. అది కాలితే వారే మార్చాలి, కొందరు దానికి డబ్బు అడుగుతారు. కనెక్షన్ తీసుకునేటప్పుడే ఈ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది. సొంత రౌటర్ మార్చినప్పుడు లైట్లన్నీ వెలిగినా నెట్ రాకపోతే కంగారు పడవద్దు. కొందరు ఆపరేటర్లు పాత రౌటర్ మ్యాక్ అడ్రసుకే (ఆ పరికరపు గుర్తింపు సంఖ్యకే) కనెక్షన్‌ను కట్టేసి ఉంచుతారు, ఫోన్ చేస్తే విడిపిస్తారు. కనెక్షన్‌కు లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి బోర్డు తలుపు లోపల అంటించి ఉంచితే గాలిదుమారం తర్వాత సగం రోజు కలిసి వస్తుంది.

వారంటీ, బీమా

రౌటర్లు, స్విచ్‌ల వారంటీ షరతుల్లో పిడుగు నష్టాన్ని సాధారణంగా మినహాయిస్తారు. సర్వీస్ సెంటర్‌కు పంపితే తిరిగి రావడం ఖాయం, కాబట్టి చిన్న పరికరాలకు ఆ తిప్పలు వద్దు.

ఇంటి బీమా కొంత వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలన్నీ అమ్ముతున్న ప్రామాణిక 'భారత్ గృహ రక్ష' పాలసీలో పిడుగు కూడా కవరయ్యే ప్రమాదాల్లో ఒకటి. ఇంటికి బీమా తీసుకుంటే సామానుకు ఆ మొత్తంలో 20 శాతం, 10 లక్షల రూపాయల పరిమితికి లోబడి, తనంతట తానే వర్తిస్తుంది. అయితే విద్యుత్ పరికరం లోపల అధిక ఓల్టేజీ వల్లనో షార్ట్ సర్క్యూట్ వల్లనో ఆ పరికరానికే జరిగిన నష్టాన్ని, కారణం పిడుగే అయినా, మినహాయించే షరతు ఇలాంటి పాలసీల్లో ఉంటుంది. పిడుగుకు మంటలు లేచి గదిలోని సామాను కాలడం వేరు, రౌటర్ పోర్టు చచ్చిపోవడం వేరు అన్నమాట. ఎలక్ట్రానిక్ పరికరాలకు విడిగా కవరు ఉందా, ఉంటే ఎంత అదనం అని పాలసీ కట్టేటప్పుడే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. కెమెరాలు, కంప్యూటర్లు కలిపి లక్ష దాటే చిన్న ఆఫీసులకు, మీసేవ కేంద్రాలకు ఆ అదనపు కవరు గిట్టుబాటే. ఒక రౌటర్, ఒక టీవీ ఉన్న ఇంటికి ఆ డబ్బు ఎర్త్ గుంతకు పెట్టడమే మేలు. క్లెయిము వేయదలచినవారు అదే రోజు 1912కు ఫోన్ చేసి కరెంటు ఫిర్యాదు నంబరు తీసుకొని, కాలిన పరికరాలను ఉన్నచోటే ఫొటోలు తీసి, సర్వేయరు వచ్చి చూసేదాకా వాటిని రిపేరుకు ఇవ్వకుండా అట్టే పెట్టాలి.